విపత్తు ముప్పు అంచనా: సైనిక్‌పురి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా

విశ్రాంత సైనికుల కాలనీగా పేరొందిన సైనిక్‌పురి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ముప్పును లెక్కగట్టి ప్రణాళిక వేయాల్సింది కలెక్టర్ అధ్యక్షతన ఉండే ప్రాధికార సంస్థ. ప్రమాదం ఎంత తరచుగా వస్తుంది, దాని దారిలో ఎవరున్నారు, వాళ్లు ఎంత తట్టుకోగలరు అన్న మూడూ అందులో తేలాలి.

2002 నాటి భూకంప పటంలో ఈ ప్రాంతం ముప్పు తక్కువున్న రెండో జోన్. అయినా 1983 జూన్‌లో మేడ్చల్ కంపించింది.

అసలు భయం వానతోనే. 2020 అక్టోబరు 13న ఇదే జిల్లాలోని ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. సైనిక్‌పురి దగ్గర్లోని కాప్రా చెరువు లాంటి చెరువుల అలుగులు, నాలాలు ఎక్కడ పూడుకుపోయాయో వీధివీధీ తిరిగి చూడని అంచనా ఎందుకూ కొరగాదు. మోటార్లు, మీటర్ బోర్డులు సెల్లార్‌లోనే పెట్టుకున్న అపార్ట్‌మెంట్లలో నీళ్లు చేరితే కరెంటుతో పాటు తాగునీరూ ఆగిపోతుంది.