గుంట ఓనమాలు, చిలక పలుకులు

"మన వీధిబడుల పద్ధతిని ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయారు" అంటూ ఒక ఫార్వర్డు మెయిలు ఏడాదికోసారైనా నాకొస్తుంటుంది. ఇలాంటివి చూడగానే డిలీట్ కొట్టడం నా అలవాటు. కానీ ఇందులో ఉన్నది నిజమే.. సగం నిజం. ఆ మిగతా సగం గురించే నా గోలంతా.

ముందు మొదటి సగం చూద్దాం. ఆండ్రూ బెల్ అనే మతగురువు 1789లో మద్రాసు ఎగ్మోరులో సైనికుల పిల్లల కోసం పెట్టిన అనాథ శరణాలయానికి పెద్దగా చేరాడు. ఒకరోజు దారిలో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దటం చూశాడు. మన గుంట ఓనమాలు అన్నమాట. (వాళ్ళు బహుశా తమిళ పిల్లలు, మనం మరీ కాలరెగరెయ్యక్కర్లేదు!) తన దగ్గరి పంతుళ్ళని అలా చెప్పమంటే వాళ్ళు కుదరదన్నారు. దాంతో ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాడికి అక్షరాల తరగతి అప్పజెప్పాడు. వాడు చెప్పేశాడు. బెల్ 1797లో దీనిమీద లండనులో పుస్తకం వేశాడు. ఆ తర్వాత ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' పేరుతో బోలెడు బడులు వెలిశాయి.

ఇక రెండో సగం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. చాలామంది అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి.కాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతమూ, ఆదోనీ కూడా కలిసినదే. 533 బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడానివి.

ఆ వర్ణన చదువుతుంటే భలే ఉంటుంది. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి చేతిలో 'సరస్వతి' అని రాస్తారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. (మా ఆఫీసులో ఉదయం మీటింగుకి ఇది పెడితే నా చెయ్యి వాచిపోతుంది.) బడిలో మామూలుగా నాలుగు తరగతులు. కిందివాళ్ళకి చాలావరకు పెద్ద పిల్లలే చెప్తారు, పైవాళ్ళని పంతులు చూసుకుంటాడు. ఇసుకలో చెయ్యి తిరిగాక పలక. అది ఒక చెక్క, దానికి అన్నమూ బొగ్గుపొడీ పూస్తారు. లేదంటే గంజి పెట్టి మడతలు పెట్టిన గుడ్డకి బొగ్గూ జిగురూ పట్టించి చేసిన కడితం. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. రాసేది బలపంతో. ఆయన ఆ మాటని ఇంగ్లీషులో 'బుల్తాప' అని రాసుకున్నాడు! ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పటాన్నీ, పిల్లలతో పిల్లలకి చెప్పించటాన్నీ ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించటం తగిన పనేనన్నాడు.

మెయిళ్ళన్నీ సరిగ్గా ఇక్కడికొచ్చి ఆగిపోతాయి.

కాంబెల్ ఆగలేదు. బడిలో చదివించేవన్నీ పద్యాలు, వాటి భాష మాట్లాడే భాష కాదు అన్నాడు. లిపి ఒక్కటే కాబట్టి పిల్లాడు ఏదైనా చదివేస్తాడు, అర్థం మాత్రం కాదు. చాలామంది పంతుళ్ళకీ తెలీదు. చేతిరాత ప్రతుల నిండా తప్పులు. చిలకలా వల్లిస్తారు, అంతే. ఇది తెలుగు రాని దొర తేలిగ్గా అనేసిన మాట అనుకోకండి. ఈయన బ్రౌను కంటే ముందు, 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు.

"ఇప్పుడు బట్టీ పడితే తర్వాత అదే అర్థమవుతుంది" అనేవారు మా తాతయ్య. పద్యాలంటే నాకూ ఇష్టమే, ఆ మాటలో కొంత నిజముంది కూడా. కానీ ఆ 'తర్వాత' దాకా బడిలో ఉన్నదెవరు? పేదరికం వల్ల పిల్లలు కాస్త పనికి పనికొచ్చే వయసు రాగానే పనిలో పెట్టేస్తున్నారని అదే ఉత్తరంలో ఉంది. దేశం బీదదైపోతోందనీ, విలాయతీ గుడ్డలొచ్చి నేతపని దెబ్బతిందనీ, ఆ 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని చెప్పటానికి సిగ్గుపడుతున్నాననీ రాశాడు. కంపెనీ ఉద్యోగి అయ్యుండి! తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాలో చదివేవాళ్ళు 6,641 మంది. వెయ్యికి ఏడుగురు కూడా కాదు. అందులో ఆడపిల్లలు 60 మంది.

అంచేత అప్పుడంతా స్వర్ణయుగం అని నేననలేను. ఇంగ్లీషువాళ్ళొచ్చి చదువు నేర్పారు అనీ అనలేను. రాయటం నేర్పే పద్ధతి అద్భుతంగా ఉంది. ఆ రాత వచ్చినవాడి చేతికి ఇవ్వటానికి వాడి భాషలో పుస్తకం లేదు.

అచ్చుయంత్రం ఊరూరా వచ్చాక కూడా ఈ సంగతి మారలేదు. అచ్చుపుస్తకాలూ గ్రాంథికంలోనే వచ్చాయి. 1906 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే స్కూళ్ళ ఇనస్పెక్టరు తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగొకటీ పుస్తకంలో తెలుగొకటీ ఎందుకున్నాయని అడిగాడు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని తంటాలు పడుతున్న గిడుగు రామమూర్తికి ఆ ప్రశ్న పట్టుకుంది. కాంబెల్ ఉత్తరం రాసి అప్పటికి ఎనభై మూడేళ్ళు.