అలుగు

ఒళ్లంతా పొలుసులున్న క్షీరదం. పళ్లుండవు, పొడవాటి జిగట నాలుకతో పుట్టల్లోంచి చీమలను, చెదలను లాగి తింటుంది. ప్రపంచంలోని 8 జాతుల్లో కొన్ని ఆఫ్రికా, ఆగ్నేయాసియా వర్షారణ్యాలవి. తెలుగు నేలపై ఉండేది భారతీయ అలుగు. నల్లమల దీని నెలవు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు కూడా నల్లమలలాగే ఆకురాల్చే అడవులే.

ప్రమాదం ఎదురైతే బంతిలా చుట్టుకుంటుంది. చిరుత కోరలకు సులువుగా లొంగని ఈ రక్షణే వేటగాడి ముందు శాపమైంది: పారిపోని ప్రాణిని ఎత్తి సంచిలో వేసుకోవచ్చు. పొలుసులు మన గోళ్లలాంటి కెరటినే. వాటిలో మందు గుణం ఉందన్న నమ్మకానికి ఆధారం లేదు, అయినా చైనా, వియత్నాంలకు దొంగరవాణా సాగుతోంది. సాధారణంగా కాన్పుకు ఒకటే పిల్ల కనుక తగ్గిన సంఖ్య త్వరగా పుంజుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు దీనికి రక్షణ ఇస్తోంది; 2016లో సైట్స్ (వన్యప్రాణి వ్యాపార ఒప్పందం) సభ్యదేశాలు 8 జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి.