చంపారు, చనిపోయారు (మన బడులు, మన చరిత్రలు – 11)



పోయిన భాగం చదివి ఇద్దరు ముగ్గురు టీచర్లు ఒకే ప్రశ్న అడిగారు. పిల్లలతో కలిసి ఊరి చరిత్ర రాయించడానికి గూగుల్ క్లాస్‌రూమ్, గూగుల్ డాక్స్ లాంటివి పనికొస్తాయా, వాటిని ఎట్లా వాడాలి అని. పనికొస్తాయి. కానీ ఆ సంగతి చెప్పేముందు నేను వాటితో చేసిన తప్పు చెప్పాలి. ఇది 2021 నాటి మాట. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం తీరిక లేక కాదు, సిగ్గు.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించాక నెలల తరబడి చీరాలలో కాలేజీ అంటే ఫోనే. గూగుల్ క్లాస్‌రూమ్ 2014 నుంచీ ఉంది కానీ మాలో చాలామందికి ఆ ఏడాదే తెలిసింది. నా డిగ్రీ క్లాసులో ముప్పై నాలుగు మంది. మీట్‌లో పాఠం పెడితే తొమ్మిదిమంది, మహా అయితే పదకొండు మంది వచ్చేవాళ్లు. మిగతావాళ్లు ఎక్కడ? ఒకరి ఫోన్ అన్న పనికి తీసుకెళ్లాడు. ఒకమ్మాయి మిరపకాయల కోతకు పోయింది. ఒకబ్బాయి ఇంట్లో మగ్గం గుంటకీ మంచానికీ మధ్య కూర్చుని, వెనకాల చప్పుడు వినపడుతుందని మైకు ఎప్పుడూ ఆన్ చేయలేదు. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2021లో జాఁ ద్రెజ్ వంటి వాళ్లు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,400 మంది బడి పిల్లల ఇళ్లకు వెళ్లి చేసిన సర్వేలో, పల్లెల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 4 శాతమే అని తేలింది. వెనక బెంచీ అయినా బెంచీ ఉండేది. ఈ క్లాసులో అదీ లేదు.

అందుకే మీట్ తగ్గించి డాక్స్ పట్టుకున్నాను. డాక్స్‌లో ఒక సుగుణం ఉంది. అందరూ ఒకే సమయానికి రానక్కర్లేదు. డేటా పెద్దగా తినదు. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో రాసి పెట్టుకుంటే తర్వాత దొరికినప్పుడు ఎక్కుతుంది. కోతకు పోయిన అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి నాలుగు వాక్యాలు రాస్తే, మగ్గం ఇంటి అబ్బాయి తెల్లారి వాటి కింద ఇంకో రెండు రాసేవాడు. మీట్‌లో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్లలు డాక్‌లో పేజీలు నింపారు.

'మన ఊరి చరిత్ర' అని ఒకే డాక్ తెరిచి అందరికీ ఇచ్చాను. అలా ఇచ్చేటప్పుడు అది మూడు హోదాల్లో ఒకటి ఎంచుకోమంటుంది. వ్యూయర్ అయితే చదవగలడు. కామెంటర్ అయితే పక్కన అభిప్రాయం రాయగలడు, ఇలా మారిస్తే బాగుంటుందని సూచించగలడు. ఎడిటర్ అయితే అసలు రాతనే మార్చగలడు. మనవాళ్లకి అక్షరం దగ్గర ఇన్నేళ్లూ దొరికిన హోదాలు ఏవో మీకు నేను చెప్పక్కర్లేదు. ముప్పై నాలుగు మందినీ ఎడిటర్లుగా పెట్టాను. ఆ రోజు నా మీద నాకే గొప్ప అనిపించింది.

మొదట చీరాల–పేరాల ఉద్యమం పేజీలు నిండాయి. 1919లో చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేయడం, పన్నులు పెరగడం, 1921 ఏప్రిల్‌లో గాంధీ రావడం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన రామదండు, జనం ఊరు వదిలి రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉండటం. వారంలో అయిపోయింది. ఎందుకవదు? పాఠ్యపుస్తకంలో ఉంది, గైడుల్లో ఉంది, పోటీ పరీక్షల్లో అడుగుతారు.

చీరాలకు సంబంధించిన వలస ఇంకొకటి ఉంది. 1921లో ఊరు వదిలి బయటికి పోయారు. 1985లో ఊరు వదిలి చీరాలకు వచ్చారు. కారంచేడు ఇక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లు. జూలై 16 సాయంత్రం, మాదిగపల్లె తాగే చెరువు నీళ్లు మురికి చేస్తుంటే ఇదేమిటని అడిగినందుకు గొడవ మొదలైంది. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త ఎదురు తిరిగింది. తెల్లారి, 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు, తిరిగి ఆ ఊరికి పోం అన్నారు. విజయనగర కాలనీ అలా పుట్టింది. సెప్టెంబర్ 1న దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి ముందు నిలిచారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో. కారంచేడు రోజున మనకు ఆ చట్టం కూడా లేదు.

ఆ పేజీ రాయడానికి కాలనీ అమ్మాయి ముందుకొచ్చింది. వాళ్ల అమ్మమ్మ ఆ రోజు పల్లెలో ఉంది. పిల్ల ఫోన్ ముందు పెట్టి, మైకు గుర్తు నొక్కి, "చెప్పు అమ్మమ్మా" అంటే ఆమె చెబుతుంటే ఫోన్ రాసుకుంటూ పోయింది. మన యాసకి ఆ యంత్రం చేసే ఘోరాలు మీకు తెలుసు. నీళ్ల బానలు పగలగొట్టారని ఆమె అంటే అది 'బాణాలు' అని రాసింది. పిల్ల అవన్నీ దిద్ది, పైన తన వాక్యం ఒకటి పెట్టింది:

"1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు."

రెండు రోజుల తర్వాత ఆ వాక్యం మీద ఒక సూచన వచ్చింది. పాత వాక్యం మీద గీత, పక్కన రంగు అక్షరాల్లో కొత్త వాక్యం:

"1985 జూలై 17న కారంచేడులో రెండు వర్గాల మధ్య జరిగిన ఘర్షణలో ఆరుగురు చనిపోయారు."

అప్పుడు రాత్రి పదకొండు. మా దగ్గర న్యాక్ కోసం ఫైళ్లు సిద్ధం చేస్తున్న రోజులవి. సాంకేతికతతో బోధన అనే శీర్షిక కింద ఈ డాక్ స్క్రీన్‌షాట్లు పెట్టాలనుకుంటున్నాను. కులం పేర్లు లేకుండా ఉంటే ఎవరూ అడ్డు చెప్పరు కదా అనిపించింది. సూచన పెట్టింది కూడా మనవాడే, మాల పిల్లవాడు. ఆ ధీమా ఒకటి. పక్కనున్న టిక్కు నొక్కాను. పాత వాక్యం మాయమైంది. దళిత సాహిత్యం చదివి డాక్టరేట్ తెచ్చుకున్న నేను, ఒక్క వేలి పోటుతో చేసిన పని అది.

తెల్లారి ఆ అమ్మాయి కామెంట్ ఉంది.

"మేడమ్, ఘర్షణ అంటే ఇద్దరూ కొట్టుకోవాలి కదా. మా వాళ్లు ఎవర్ని కొట్టారు?"

నేను తెలుగు వ్యాకరణం చెప్పి జీతం తీసుకుంటాను. 'చంపు' సకర్మక క్రియ. దానికి చంపినవాడూ కావాలి, చచ్చినవాడూ కావాలి. 'చనిపోవు' అకర్మకం. చనిపోయినవాడు ఒక్కడుంటే చాలు, వాక్యం పూర్తవుతుంది. ఒక్క క్రియ మారితే దోషులంతా వాక్యంలోంచి లేచి ఇంటికి పోయారు. అదే డాక్‌లో పైపేజీలో చీరాల జనం 'ఊరు వదిలారు', 'పన్ను కట్టం అన్నారు', 'రామనగర్ కట్టుకున్నారు'. అన్నీ తాము చేసిన పనులే. చీరాల ఖాళీ అయింది అని ఎవరూ రాయలేదు. మన పేజీకి వచ్చేసరికే చావులు వాటంతటవే జరిగాయి.

ఇంకో సంగతి. ఈ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2008 డిసెంబర్‌లో ఆ కోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల శిక్ష ఖాయం చేసింది. 23 ఏళ్లు పట్టింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం నేరస్థులున్నారని తేల్చిన పదమూడేళ్లకి నేను వాళ్లను వాక్యంలోంచి విడుదల చేశాను.

డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ అని ఒకటుంటుంది. ఏ రోజు, ఏ వేళకి, ఎవరు ఏ మాట రాశారు, ఏ మాట తీసేశారు అన్నీ పేర్లతో ఉంటాయి. పాత రూపానికి వెనక్కి తీసుకుపోవచ్చు కూడా. అయితే అది ఎడిటర్‌కే కనపడుతుంది. వ్యూయర్‌కి చివరికి మిగిలిన రాతే తప్ప కొట్టేసిన రాత కనపడదు. ఆ అమ్మాయిని నేను వ్యూయర్‌గా పెట్టి ఉంటే, ఆమె ఆ కామెంట్ పెట్టలేదు, తన వాక్యం ఏమైందో చూపించనూ లేదు. లాప్‌టాప్‌లో ఆ హిస్టరీ తెరిచి, పాత వాక్యాన్ని దాని చోట పెట్టాను. క్లాస్‌రూమ్‌లో అందరికీ కనపడేలా, టిక్కు నొక్కింది నేనేనని, తప్పు నాదేనని రాశాను.

ఇక్కడితో కథ అయిపోతే నేను మంచి టీచర్ని. కాలేదు.

ఆ సూచన పెట్టిన అబ్బాయికి ఫోన్ చేశాను. కోప్పడదామనే చేశాను, దాచను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మేడమ్, అందరూ చూస్తున్నారు కదా అందులో. నా గ్రూపు పేజీ అది. కింద మా అందరి పేర్లూ ఉన్నాయి. మా నాన్న వాళ్ల పొలమే కౌలుకి చేస్తున్నాడు."

నా ముప్పై నాలుగు మంది ఎడిటర్లలో ఆ కులం పిల్లలు ఐదుగురున్నారు. వాళ్లు ఎవరూ ఒక్క మాట మార్చలేదు. మార్చాల్సిన అవసరమే రాలేదు. మనవాడే ముందుగా మార్చి పెట్టాడు.

ఎడిటర్ హక్కు అందరికీ ఒకేలా ఇచ్చానని మురిసిపోయాను కానీ, రాసిన ప్రతి అక్షరానికీ పేరు అంటించే ఆ పద్ధతి అందరి మీదా ఒకేలా పడదని నాకు తట్టలేదు. చీరాల–పేరాల రాసిన పిల్లలకి పేరు కనపడటం గౌరవం. ఈ పిల్లవాడికి వాళ్ల నాన్న కౌలు. చెరిపినవాడిని పట్టించే హిస్టరీయే రాసినవాడినీ పట్టిస్తుంది. కంపెనీ దీన్ని పారదర్శకత అంటుంది. ఊళ్లో దీన్ని సాక్ష్యం చెప్పడం అంటారు, సాక్ష్యం చెప్పినవాళ్లకి మన పల్లెల్లో ఏమవుతుందో కూడా ఊరికి తెలుసు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. అడిగిన టీచర్లకి నా జవాబు ఇదే. పిల్లలు పదిమంది ముందు పెట్టాలనుకోని మాటని నాకు ఫోన్‌లో చెబుతారు, లేదా కాగితం మీద రాసి ఇస్తారు. దాన్ని డాక్‌లో నేను టైప్ చేస్తాను, నా ఖాతాతో, నా పేరుతో. ఆ పేజీల కింద గ్రూపు పేర్లు తీసేసి నా ఒక్క పేరే పెట్టాను. పేరు వేసుకుంటామన్న పిల్లలు వేసుకోవచ్చు. కాలనీ అమ్మాయి వేసుకుంటానంది, వేసుకుంది. పిల్లలందరినీ ఎడిటర్లుగానే ఉంచాను, హిస్టరీ కనపడాలి కాబట్టి. బయటివాళ్లకి లింకు ఇస్తే వ్యూయర్‌గా ఇవ్వండి. కులం పేరు, ఊరి పేరు, చంపినవాళ్లు అనే మాట మార్చాలంటే నేరుగా మార్చకూడదు, కామెంట్ పెట్టి కారణం రాయాలి, రాసినవాళ్లు ఒప్పుకోవాలి. టిక్కు నొక్కే పని నాది కాదు. దీనివల్ల నాకు ఇబ్బందులు రాలేదా అంటే, వచ్చాయి. జీతం ఉన్నవాళ్లు అంతమాత్రం మోయొచ్చు. న్యాక్ ఫైల్లో ఆ స్క్రీన్‌షాట్లు పెట్టలేదు.

ఇంకో జాగ్రత్త. డాక్ ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లది. కాలేజీ ఇచ్చిన ఖాతాలో పెడితే ఆ ఖాతా తీసేసిన రోజున డాక్ గతి ఏమిటో ముందే చూసుకోండి. మాది పూర్తయ్యాక నలభై రెండు పేజీలు వచ్చింది. మూడు జిరాక్స్ కాపీలు తీయించి స్పైరల్ కుట్టించాం. ఒకటి నా దగ్గర, ఒకటి క్లాసుకి, ఒకటి కాలనీకి.

ఆ ఏడాది జూలై 17కి ముందు రోజు ఆ మూడో కాపీ ఇవ్వడానికి నేనే వెళ్లాను. అమ్మమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. "ఏందమ్మాయ్, నేను చెప్పిందంతా ఇందులో ఎక్కిందా?" అంది. ఎక్కింది పెద్దమ్మా అన్నాను. నమ్మలేదు. మనవరాలిని పిలిచి మొత్తం చదివించుకుంది, గంటన్నర పట్టింది. పదిహేడో పేజీ దగ్గర చెయ్యి పైకెత్తి ఆపింది. ముప్పై నాలుగు మంది ఎడిటర్లం, అందరం వదిలేశాం. పిల్ల నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, 'బాణాలు' కొట్టేసి పైన 'బానలు' అని రాసింది.