బొడ్డెమ్మకూ లగ్గానికీ నడుమ

జమ్మికుంటలో ఉండే మా మేనత్త వయసెంతో ఆవిడకే తెలియదు. మొన్న ఏదో దరఖాస్తు నింపుతూ మా అమ్మాయి, "అమ్మమ్మా, నువ్వు పుట్టిన తేదీ?" అని అడిగింది.

"తేదీలెక్కడియి బిడ్డా! పోలీస్ యాక్షనైన ఏడు బొడ్డెమ్మ ఆడిన. మల్లచ్చే ఏడు నా లగ్గమైంది" అన్నది.

అమ్మాయి నవ్వింది గాని, అది నికరమైన లెక్కే! హైదరాబాదు సంస్థానంపై సైనిక చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే పెళ్ళికాని ఆడపిల్లలు ఆడుకునే బొడ్డెమ్మ వచ్చింది.

తరమంటే పాతికేళ్ళని వేళ్ళమీద లెక్క పెడతాం మనం. ఆ లెక్క చాలదని 1928లోనే కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త వ్యాసం రాశాడు. ఎదిగే వయసులో ఒకే పెద్ద మార్పును కలిసి చవిచూసినవాళ్ళు ఒక తరమని ఆయన భావం.

మా పెదనాన్నకూ నాన్నకూ తేడా పదేళ్ళే. పెదనాన్న చదువు ఉర్దూలో, లెక్కలు హాలీ రూపాయల్లో. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు! నాన్న చేతికి తెలుగు పలక వచ్చింది, 1957లో నయాపైసలూ వచ్చాయి. అన్న రాసిన పద్దు తమ్ముడు చదవలేడు. ఒక్క తల్లి బిడ్డలే, తరాలు మాత్రం రెండు.

మరి మేనత్తది ఏ తరం? ఆమెకు అసలా ఎదిగే వయసే దొరకలేదు. బొడ్డెమ్మను సాగనంపి పీటలెక్కింది. ఉర్దూ రాలేదు, తెలుగూ రాలేదు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషిండియాకే గాని నిజాం రాజ్యానికి వర్తించలేదు. పిల్లకు పద్ధెనిమిదేళ్ళు నిండాలన్న సవరణ 1978లో వచ్చింది. చట్టం రాగానే ఇళ్ళు మారిపోవు. అయినా బొడ్డెమ్మకూ లగ్గానికీ నడుమ నాలుగేళ్ళు మిగలడం మొదలైంది. ఆ నాలుగేళ్ళలోనే నేను జమ్మికుంటలో రైలెక్కి కాలేజీకి వెళ్ళాను. మగవాళ్ళ తరాలు రాజ్యాలు మారితే మారాయేమో, మన తరాలు మాత్రం ఆ నడిమి ఏళ్ళు పెరిగినకొద్దీ మారాయి.

అమ్మాయి లెక్క కట్టి 1936 అని రాసింది.

"నీకెన్నేండ్లే?" అనడిగింది మేనత్త.

"ఇరవై రెండు."

"నీ ఈడుకు నాకు ముగ్గురు పిల్లలు" అని కాసేపాగి, "నువ్వు చదువుకో బిడ్డా" అన్నది.