లాల్‌పేట్ నుండి హోప్ ద్వీపము వరకు

సంక్రాంతి సెలవులు సమీపించినప్పుడెల్ల మన ఇండ్లలో ఒకే విధమైన వాదము బయలుదేరును. పెద్దలు ఏదైన ప్రాచీన నగరమును చూడవలెనందురు. పిల్లలు పడవ యెక్కవలెననియు, అడవి జంతువులను, పక్షులను చూడవలెననియు పట్టుబట్టుదురు. రెండు కోరికలు ఒక యాత్రలో తీరవని తలచి, ఏదో ఒక పక్షము వారు సర్దుకొనుట మనకందరకు అనుభవమే. రాజమహేంద్రవరము చూచి, అటనుండి కాకినాడకు పోయి, పడవలో కోరంగి మడ అడవులను, హోప్ ద్వీపమును దర్శించి వచ్చినచో ఈ తగవు సులభముగా తీరును.

కాని సౌకర్యమును గూర్చి చెప్పుటకే మేము ఈ వ్యాసము వ్రాయుట లేదు. ఆ నగరమును, ఆ ద్వీపమును ఒకే నది పెంచినది. ఆ నదికి చేరు నీటిలో కొంత మన లాల్‌పేట్ ప్రక్కనుండియే పోవుచున్నది. కావున యాత్రను రైలుస్టేషనులో గాక మన వీధిలో ప్రారంభించుట న్యాయము.

మన లాల్‌పేట్‌లో ఒక ఆవరణమున మహాకాయములైన ఏకశిలా విగ్రహములు కలవు. బొగ్గు గనికి పోవుచు, బడికి పోవుచు, అంగడికి పోవుచు మనము వానిని చూచుచునే యున్నాము. కాని నిలిచి చూచినవారు తక్కువ. వానిలో పెద్దది పదితలల దుర్గ. దాని పొడవు 26 అడుగులు, వెడల్పు 18 అడుగులు. బరువు 50 టన్నులకు మించునని పూర్వపు గెజెటీర్లు చెప్పుచున్నవి. రాయప్ప అను ధనిక వర్తకుడు గొప్ప శివాలయము నిర్మింప సంకల్పించి ఈ శిలలను చెక్కించెననియు, ఆలయము లేవకమునుపే అతడు మరణించెననియు జనశ్రుతి. ఆంగ్ల గ్రంథములు అతనిని ‘కోంటీ’ యని పేర్కొనినవి. అది మన ‘కోమటి’ శబ్దమే యగుటచేతను, పేరు రాయప్ప యగుటచేతను, అతడు తెలుగువాడని ఊహించుట తప్పు కాదు. అనగా బొగ్గు గనులు పుట్టకముందే ఈ నేలపై తెలుగువాడొకడు స్థిరపడి, కొన్ని తరములు నిలువదగిన పనిని తలపెట్టెను. అది పూర్తి కాలేదు.

ఆ శిలలకు చుట్టును ఉన్నది గోండు రాజుల నగరము. ఖాండక్యా బల్లాళ షా అను రాజు బల్లార్‌పుర్ నుండి రాజధానిని ఇచటికి మార్చెనని సంప్రదాయము. రాజు శరీరముపై కురుపులు ఝర్‌పట్ నది నీటిచే మాసిపోయెననియు, వేటలో ఒక కుందేలు వేటకుక్కను తరుముట చూచి, అది వీరభూమి యని యెంచి, రాణి సలహాపై అవి పరుగిడిన త్రోవ వెంట ప్రాకారము కట్టించెననియు కథ. కథను కథగానే గ్రహించినను, ప్రాకారము కథ కాదు. దాదాపు 11 కిలోమీటర్ల చుట్టుకొలతతో జట్‌పురా, బిన్‌బా, పఠాన్‌పురా, అచలేశ్వర ద్వారములతో అది నేటికిని నిలిచియున్నది. ద్వారములపై ఏనుగును అణచుచున్న సింహము గోండు రాజుల చిహ్నము. అడవిని ఏలిన రాజులు అడవి మృగమునే రాజముద్రగా గైకొనిరి. 18వ శతాబ్దారంభమున రాణి హిరాయి తన భర్త వీరషాకు సమాధి మందిరము కట్టించినది. 1751లో చాందా నాగపురపు భోంస్లేల వశమైనది. 1818 మే నెలలో ఆంగ్లేయులు కోటను ముట్టడించి పట్టుకొనిరి.

ఈ నగరమునకు ఉత్తరముగా తాడోబా అరణ్యము కలదు. పులితో పోరాడి మరణించిన తారు అను గ్రామ పెద్దను గోండులు దైవముగా కొలిచి, సరస్సు ఒడ్డున అతనికి గుడి కట్టిరి. తాడోబా యను నామము అతనిదే యందురు. 1955లో అది జాతీయోద్యానమైనది. 1995లో అంధారి అభయారణ్యముతో కూడి పులుల రక్షిత వనమైనది. దూరదేశముల నుండి పులిని చూడ వచ్చువారు నగర ద్వారము క్రిందుగా బండిలో పోయి, అదే ద్వారము క్రిందుగా మరలి పోవుదురు. కోటను చూడ వచ్చిన కొలదిమంది అడవి వైపు పోరు. ఇరువురకును సగము చరిత్రయే దక్కును. చెరువులు, కలప, మృగయావినోదము, సరిహద్దు రక్షణ, వీనినన్నిటిని అడవినుండియే పొందిన నగరమిది. అడవిని విడదీసి దీని చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు.

ఇక నీటి త్రోవ. తాడోబా వనపు పడమటి అంచున ఇరై జలాశయము కలదు. అచటి నుండి ఇరై నది మన నగరమునకు ప్రక్కగా, గనుల మట్టిగుట్టల ప్రక్కగా దక్షిణమునకు పోయి వార్ధాలో కలియును. వార్ధా వైన్‌గంగతో కూడి ప్రాణహిత యగును. ప్రాణహిత సిరొంచ ప్రక్కగా ప్రవహించి కాళేశ్వరము వద్ద గోదావరిని చేరును. గోదావరి పరీవాహక ప్రదేశములో మూడవ వంతుకు పైబడిన భాగము ప్రాణహితదే. సిరొంచ తెలుగు మాటాడు సీమ. 1860లో నిజాము దానిని ఆంగ్లేయుల కిచ్చెను. ఎగువ గోదావరి జిల్లాకు అది కేంద్రమయ్యెను. 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ చాందాలో చేరినది. 1982 నుండి గడ్చిరోలి జిల్లాలో నున్నది. పాలనపు గీతలు ఇన్నిసార్లు మారినను నీరు మాత్రము తన త్రోవను మార్చుకొనలేదు.

ఈ త్రోవను పడవల త్రోవగా చేయవలెనని ఒకప్పుడు గొప్ప ప్రయత్నము జరిగినది. ధవళేశ్వరము వద్ద 1847లో ఆరంభించి 1852లో ఆనకట్ట పూర్తి గావించిన ఆర్థర్ కాటన్ దొర, గోదావరి మీదుగా సముద్రము నుండి వార్ధా వరకు నౌకామార్గము కావలెనని వాదించెను. బీరారు ప్రత్తి పడవలపై కోస్తాకు దిగవలెను. ఉప్పు ఎగువకు రావలెను. నదిలో మూడుచోట్ల రాతి అడ్డంకులు కలవు. దుమ్ముగూడెము వద్ద మొదటిది, ఇంచంపల్లి వద్ద రెండవది, ప్రాణహితపై దేవల్‌మరి వద్ద మూడవది. వానిని దాటించుటకు ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టిరి. హేగ్ అను ఇంజనీరు ఆ పనికై శ్రమించెను. ఇంతలో బొంబాయి నుండి రైలు బీరారును, నాగపురమును చేరినది. ప్రత్తి రైలెక్కినది. 1871లో ప్రభుత్వము నౌకామార్గమును విరమించినది. దుమ్ముగూడెము ఆనకట్ట మాత్రము దానికి గుర్తుగా మిగిలినది. రాయప్ప గుడివలె అదియు అసంపూర్ణమే. పూర్తియైయున్నచో, మన తాతలు బల్లార్‌పుర్ రేవున పడవ యెక్కి కోరంగిలో దిగియుండెడివారేమో!

పడవ రాలేదు గాని రైలు వచ్చినది. 1929లో కాజీపేట–బల్లార్‌షా మార్గము పూర్తియై ఢిల్లీ, మద్రాసు నగరములు కలిసినవి. గనులు, మిల్లులు పెరిగినకొలది కరీంనగరము, ఆదిలాబాదు మొదలగు సీమల నుండి మనవారు పలువురు ఈ వైపునకు వచ్చిరి. 1973లో గనులు జాతీయమైన పిమ్మట ఉద్యోగము స్థిరపడినది. ఉద్యోగముతోపాటు కుటుంబమును స్థిరపడినది. మన పిల్లలు బడిలో మరాఠీ, వీధిలో హిందీ, ఇంటిలో తెలుగు మాటాడుదురు. “మీ ఊరేది?” యని యెవరైన నడిగినచో వారొకక్షణము తడబడుదురు. తాతగారి ఊరు చెప్పవలెనా, లాల్‌పేట్ అని చెప్పవలెనా? ఈ తడబాటును మనము చిన్నదిగా చూడరాదు. రెండు ఊళ్లును తమవి కావని తలచుట, రెండును తమవేయని తలచుట — ఈ రెంటిలో ఏది వారికి దక్కునో అది మనము వారికి చూపిన దానిపై ఆధారపడియున్నది.

అందుచేతనే గడచిన సంక్రాంతికి మేము కొన్ని కుటుంబముల వారము కలిసి, మొదట మన విగ్రహములను, కోటను పిల్లలకు చూపి, తరువాత రైలెక్కితిమి. రాజమహేంద్రవరమున గోదావరిని చూచిన పిల్లలు ఇది సముద్రమా యని యడిగిరి. రాజరాజ నరేంద్రుడు 11వ శతాబ్దమున ఏలిన నగరమది. నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొనిన చోటది. కందుకూరి వీరేశలింగముగారు 1848లో పుట్టి, సంఘ సంస్కరణకు కేంద్రముగా చేసికొనిన పట్టణమది. 1900లో తెరచి 1997 వరకు రైళ్లను మోసిన పాత హేవలాక్ వంతెన ఇంకను నదిపై నిలిచియున్నది. ధవళేశ్వరమున కాటన్ ప్రదర్శనశాలను చూచినప్పుడు, చాందా వరకు గీచిన నౌకామార్గపు కథను పిల్లలకు చెప్పితిమి. తమ ఊరి పేరు అంత దూరమున విని వారు మిక్కిలి సంతసించిరి.

కాకినాడకు దక్షిణముగా కోరంగి. ఒకనాడిది పెద్ద ఓడరేవు. ఓడలు కట్టు చోటు. 1839 నవంబరు తుపానులో సముద్రము పైబడి రేవును నాశనము చేసినది. కాని దాని పేరు నశింపలేదు. ఇచటి రేవుల నుండి బర్మాకు పోయిన తెలుగు కూలీలను, వర్తకులను రంగూనులో ‘కోరంగీ’ లని పిలిచిరి. ఊరు విడిచిన వారికి ఊరి పేరే జాతి పేరైనది. గనుల పట్టణములలో మన పెద్దలు వినిన పిలుపులను తలచుకొనినచో ఇది మనకు వింత కాదు.

ఇప్పుడచట మడ అడవులు విస్తరించియున్నవి. 1978లో దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మేర కోరంగి అభయారణ్యముగా ప్రకటింపబడినది. పోటు సమయమున పాయలలో పడవ లోనికి పోవును. పాటు వచ్చినప్పుడు బురదలో మడచెట్ల శ్వాసవేళ్లు సూదులవలె పైకి తేలును. నీటికుక్కలు, చేపలు పట్టు బావురుపిల్లులు ఇచట జీవించును. కొంగలును, ఉల్లంకి పిట్టలును లెక్కకు మిక్కిలి. అచటికి ఆవల, కాకినాడ అఖాతమునకును సముద్రమునకును నడుమ, సన్నని ఇసుక కత్తివలె పొడవుగా సాగియున్నది హోప్ ద్వీపము. పడవ పోవుట సముద్రపు స్థితిని, అధికారుల అనుమతిని అనుసరించి యుండును గనుక ఒక దినము అదనముగా ఉంచుకొనుట మంచిది. శీతకాలపు చివర సముద్రపు తాబేళ్లు ఈ ఇసుకపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. తాము పుట్టిన తీరప్రాంతమునకే అవి పెద్దవై మరలి వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ద్వీపముపై నడచుచు ఒక బాలిక పిడికెడు ఇసుక నెత్తి, “ఇది ఎక్కడిది?” అని యడిగినది. ప్రశ్న చిన్నది, సమాధానము పెద్దది. ఈ ద్వీపము గత రెండు శతాబ్దములలోపల గోదావరి తెచ్చిన ఒండ్రుచే ఏర్పడినది. ఆ ఒండ్రులో ప్రాణహిత తెచ్చినది కలదు. ప్రాణహిత తెచ్చిన దానిలో వార్ధా, ఇరై నదులు తెచ్చినదియు కలదు. “దీనిలో కొంత మన ఊరిదే తల్లీ” యని మేము చెప్పితిమి. అది ముచ్చటకు చెప్పిన మాట కాదు, భూగోళ సత్యము.

ఈ ద్వీపము అలల తాకిడికి అడ్డమై కాకినాడ రేవును కాపాడుచున్నది. అయితే నది పొడవునను ఆనకట్టలు పెరిగినకొలది ఒండ్రు వెనుకనే నిలిచిపోవుచున్నది. గోదావరి ముఖద్వారమునకు చేరు ఒండ్రు కొన్ని దశాబ్దములుగా తగ్గినదని, తీరము పలుచోట్ల కోతకు గురియగుచున్నదని పరిశోధకులు తెలిపియున్నారు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడలో సముద్రము ఇండ్లను మ్రింగుటను ఎవరైన పోయి చూడవచ్చును. అటు కోత, ఇటు మన ఇరై ఒడ్డున గనుల మట్టి గుట్టలు, పూడిన నదీగర్భము. ఒకే నీటికి ఒక కొన మట్టి ఎక్కువ, మరియొక కొన మట్టి తక్కువ. ఇరైని శుభ్రముగా ఉంచుట చంద్రపూర్ వారి పని మాత్రమే యనుకొనినచో, అది తెలుగు తీరపు పని కూడ నని మనము మరచినట్లే.

తిరిగివచ్చిన మరునాడు ఆ బాలికయు, ఆమె తోడి పిల్లలును రాయప్ప విగ్రహముల వద్దకు తమంతట తామే పోయిరి. ఆవరణములోని చెత్తను కొంత ఏరి బయట వేసిరి. 2017లో నగర యువకులు కోటగోడపై పెరిగిన పొదలను నెలల తరబడి కొట్టివేసిన పని ఈ పిల్లలకు తెలియును. మేము వారికేమియు చెప్పలేదు.

మన సంఘము వారికి మాదొక విన్నపము. వచ్చే సెలవులలో యాత్ర తలపెట్టువారు నగరమును, ద్వీపమును విడదీయక కలిపి చూడుడు. బయలుదేరుటకు ముందు ఒక పూట లాల్‌పేట్ విగ్రహములకును, ఒక పూట కోటగోడకును, ఒక పూట ఇరై ఒడ్డునకును కేటాయింపుడు. “మీ ఊరేది?” యని అడిగిన వారికి మన పిల్లలు అప్పుడు తడబడక, నది ఈ కొననున్న ఊరు, ఆ కొననున్న ఊరు రెండును చెప్పగలరు.