కడపటి పెట్టెకు కాలనిర్ణయము

గూడ్సు బండి కడపట నాలుగు చక్రములపై ఊగుచు సాగిపోవు గార్డు పెట్టెను కొవ్వూరు గట్టునుండియో, రాజమహేంద్రవరపు ప్లాట్‌ఫారము మీదనుండియో చూచియుండని పెద్దవారు మన గోదావరి జిల్లాలలో అరుదు. రెండు కొనలయందును చిన్న వసారా, నడుమ ఇరుకు గది, చేతిబ్రేకు చక్రము, వెనుక ‘ఎల్.వి.’ అను అక్షరముల పలక. ఆ పలక కానరాకున్నచో బండి దారిలో తెగినదేమోయని స్టేషను మాస్టరు శంకింపవలసినదే. ఇట్టి పెట్టెను 87వ వంతునకు కుదించిన చవుక ప్లాస్టిక్ బొమ్మను సంపాదించి, దానిని నిజమైన పెట్టెకు దీటుగా తీర్చిదిద్దవలెనను అభిలాష గలవారు ముందుగా వెదకికొనవలసినది పట్టకారును, ఆకురాయిని గాదు, ఒక సంవత్సరమును. ఆ పెట్టె ఏ యేటిదో నిర్ణయమైనగాని దానికి రంగు లేదు, గొట్టము లేదు, పేరు లేదు.

1900లో హేవలాకు వంతెన తెరచువరకు ఈ మార్గమున వచ్చిన రైలు ప్రయాణికులు గోదావరిని నావలపై దాటవలసినవారే. వాల్టన్ దొర పర్యవేక్షణమున 1897లో ఆరంభమై, మదరాసు గవర్నరు పేరు వహించిన ఆ వంతెన, ఒక్కొక్కటి 150 అడుగుల నిడివిగల 56 ఖానాలతో, దాదాపు నూఱేండ్లు బండ్లను మోసి 1997లో విశ్రమించినది. ఈ మధ్యకాలమున బండ్లపై యజమాని అక్షరములు మాఱుచు వచ్చినవి: మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీ గుర్తులు పోయి 1951లో దక్షిణ రైల్వేవి, 1966 అక్టోబరు 2 తరువాత దక్షిణ మధ్య రైల్వేవి వచ్చినవి. బొమ్మపై ‘ఎస్.సి.’ అని వ్రాసి దానిని 1950ల నాటి ఆవిరి ఇంజనుకు తగిలించినవాడు ఎంత నేర్పరియైనను చరిత్రకు ద్రోహము చేసినవాడే.

ఇక పనిలోనికి వచ్చినచో, చవుక బొమ్మకు మొదటి దోషము వసారా కడ్డీలు. నిజమైన పెట్టెపై సుమారు 3 సెంటీమీటర్ల మందముండు కడ్డీ ఈ కొలతలో మిల్లీమీటరులో మూడవ వంతునకు కొంచెమెక్కువ మాత్రమే ఉండవలెను. అచ్చుపోసిన ప్లాస్టిక్ కడ్డీ తఱచుగా దానికి రెండింతలు. దానిని పదునైన కత్తితో మొదలంట చెక్కివేసి, సన్నని రంధ్రములు తొలిచి, కంసాలి వాడుకొనునంతటి సన్నని ఇత్తడి తీగను వంచి నిలిపినచో, పెట్టె ముఖమంతయు ఒక్కసారిగా తేలికపడును. వ్యాక్యూము బ్రేకుల నాటి పెట్టెయైనచో కొనయందు లావైన నల్లని గొట్టము వ్రేలాడి, దాని మూతి మూతబిళ్లపై బిగిసియుండవలెను. ఆ మూత లేనిచో గాలి లోనికి చొచ్చి బండియంతయు బ్రేకుపడి నిలిచిపోవును. కావున ఆ చిన్న బిళ్లను విడిచిపెట్టుట క్షమింపరానిది. ఇరుప్రక్కల దీపములు వెనుకకు ఎఱుపును, ఇంజనువైపునకు తెలుపును చూపవలెను. తేలికయగుటచే మలుపులయందు పట్టా తప్పు బొమ్మకు వలకు కట్టు సీసపు గుండ్లను గచ్చు క్రింద అంటించుట మంచిది.

ఒక్క లోపమును మాత్రము పెక్కుమంది సహింతురు: మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు ఈ కొలతలో 19.3 కాగా, బజారు పట్టాలు 16.5 మాత్రమే.

2022లో గార్డు పదవికే ట్రైన్ మేనేజరు అని పేరు మాఱినది. కొన్ని గూడ్సు బండ్ల కొసను పెట్టెకు బదులు యంత్రమే కూర్చుండుచున్నది. కాకినాడ–కోటిపల్లి మార్గమును బొమ్మగా నిర్మింపదలచినవారికి ఈ కాలనిర్ణయము మఱింత కఠినము: 1928లో వెలసిన ఆ దారి పట్టాలు రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఊడదీయబడి, తిరిగి 2004లోగాని పడలేదు. కనుక అచటి పెట్టెపై మరాఠా కంపెనీ అక్షరములైనను ఉండవలెను, లేదా ఈ శతాబ్దపు అక్షరములైనను ఉండవలెను. నడిమి అఱువదేండ్ల రంగు ఏదియు అచట చెల్లదు.