పోచంపల్లి ప్రాంతంలో చేనేత విద్య, యువజన శిక్షణ: చరిత్ర

పూర్వపు నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, వాటి చుట్టుపక్కల ఊళ్లు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ఈ ఊళ్లలో పిల్లలకు పని నేర్పే ఏర్పాటు రెండు దారుల్లో పెరిగింది. ఒకటి ఇంట్లో, గుంటమగ్గం పక్కన, ఆసు ముందర. రెండోది పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో 1995లో నెలకొన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ అండతో సొసైటీగా నడిచే ఈ సంస్థ పల్లె యువతీయువకులకు వసతి, భోజనం పెట్టి చేతిపనులు నేర్పుతుంది. మొదటిదాన్ని సంస్కృతి అనీ, రెండోదాన్ని ఉపాధి అనీ విడదీసి మాట్లాడటం అలవాటైపోయింది. ఈ ప్రాంతపు వందేళ్ల చరిత్ర ఆ విభజనకు ఒప్పుకోదు. పోచంపల్లి సంప్రదాయమని దేశం మెచ్చుకునే నేతలో ప్రధానమైన మలుపులన్నీ బయటినుంచి వచ్చిన విద్యను ఇక్కడి వయసు పిల్లలు పట్టుదలగా నేర్చుకోవడం వల్ల వచ్చినవే. శిక్షణ లేని వారసత్వం ఇక్కడ ఏ కాలంలోనూ లేదు.

నేత ఇక్కడ పాతదే. పోచంపల్లికి పేరు తెచ్చిన చిటికి (ఇక్కత్) పని మాత్రం అంత పాతది కాదు. నూలును నేయకముందే కట్లు కట్టి, రంగులో ముంచి, పోగుమీదే బొమ్మను సిద్ధం చేసే ఈ విద్య కోస్తాలోని చీరాలలో తేలియా రుమాళ్ల రూపంలో ముందు వర్ధిల్లింది. ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నూనెలోనూ నూలును మళ్లీ మళ్లీ నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులు దిగేలా చేసిన ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతయ్యేవి. నల్లగొండ నేతగాళ్లు దీన్ని అందిపుచ్చుకున్నది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే. ఆముదపు పంటకు పేరుపడ్డ మెట్ట సీమకు ఆ నూనె రుమాలు చేరడంలో ఒక పొందిక ఉందనిపిస్తుంది. కానీ దాన్ని కారణంగా చెప్పడం తొందరపాటే. అసలు కారణం అప్పటికే ఇక్కడ నేత చేతులు ఉండటం, కొత్త పని నేర్చుకుంటే ఎక్కువ ధర వస్తుందన్న ఎరుక ఉండటం. చీరాలలో తేలియా పని క్రమంగా సన్నగిల్లింది. పుట్టపాకలో నిలిచింది. ఆ ఊరికి చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పుట్టినచోట కాక, నేర్చుకున్నచోట బతికిన విద్య ఇది.

రెండో మలుపు పట్టు. 1950ల దాకా పోచంపల్లి మగ్గాల మీద ఆడింది ముఖ్యంగా నూలే. స్వాతంత్ర్యం తరువాత కమలాదేవి చటోపాధ్యాయ సారథ్యంలోని అఖిల భారత హస్తకళల బోర్డు చిటికి పనికి నగరాల్లో గిరాకీ వెతికింది. ఆ తరువాత ఇక్కడి యువకులను బనారసుకు పంపి పట్టు నేత నేర్పించారు. వాళ్లు తిరిగి వచ్చాక చిటికి కట్టు పట్టు పోగుకు పాకింది. నేడు పోచంపల్లి పట్టుచీర అని పెళ్లిళ్లలో కట్టుకునేది ఆ శిక్షణ ఫలితమే. ఒక ప్రభుత్వ బోర్డు, కొద్దిమంది కుర్రవాళ్లు, ఒక దూరపు ఊరు, కొంత ఖర్చు. తరతరాల వారసత్వం అని మేళాల్లో చెప్పేదాని వెనక ఇంత మామూలు ఏర్పాటు ఉందని గుర్తుచేస్తే కొందరికి నచ్చదు. కానీ ఆ మామూలు ఏర్పాటు లేకుంటే నూలు గుడ్డ గిరాకీ తగ్గిన రోజున ఈ ఊరు ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. బనారసులో కొన్ని నెలలు నేర్చుకున్నవాడు పట్టు నేయగలిగాడంటే, అంతకుముందు ఇంట్లో పదేళ్లు నేర్చుకున్నది ఉండబట్టే కదా? పద్మశాలి ఇళ్లలో పిల్లలు కండెలు చుడుతూ, పోగు తెగితే అతుకుతూ పెరుగుతారు. పటం గీసిన కాగితంమీద గళ్లు లెక్కబెట్టి, ఏ పోగు దగ్గర కట్టు పడాలో తేల్చడం, సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీతో రంగు లోపలికి దిగకుండా బిగించడం, లేత రంగులో ముంచాక కొన్ని కట్లు విప్పి ముదురు రంగుకు కొత్త కట్లు వేయడం, చివరికి పడుగు మీది బొమ్మ, పేక మీది బొమ్మ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేలా నేయడం: ఇవన్నీ ఏ తరగతి గదిలోనూ మూడు నెలల్లో రావు. ఈ మాట నిజమే. అయితే ఇది ఇంటి విద్యకు ఉన్న విలువను చెబుతుంది గాని, ఇంటి విద్య ఒక్కటే చాలునని చెప్పదు. ఇంట్లో వచ్చేది చేతివాటం. కొత్త రంగు, కొత్త పోగు, కొత్త అంగడి ఇంట్లో పుట్టవు. పైగా ఇల్లు తనవాళ్లకే నేర్పుతుంది. తన పిల్లలు వద్దంటే అక్కడితో ఆ తీగ తెగుతుంది. నేత కూలి పెరగక, పెట్టుబడి పెట్టి నేయించే మాస్టర్ వీవర్ల దగ్గర అప్పులు తీరక, ఆత్మహత్యలు కూడా చూసిన ఇళ్లలో పిల్లలు వద్దనడం ఆశ్చర్యం కాదు. చాలాచోట్ల తల్లిదండ్రులే వద్దంటున్నారు.

జలాల్‌పూర్ సంస్థ మూలాలు మగ్గంలో కాక వేరే చోట ఉన్నాయి. ఇదే పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న, సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని కాలంలో, వినోబా భావే ఎదుట దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఆ ఉద్యమం భూమి గురించి మాట్లాడినంతగా పని నేర్పడం గురించి ఇక్కడ మాట్లాడలేదు. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్, చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్న ఆలోచన, వినోబా వర్గానికి కొత్తది కాదు. నేతగాళ్లతో నిండిన ఊళ్లో అది వేళ్లూనకపోవడం ఒక చేజారిన అవకాశం. విద్య వైపు ప్రయత్నం రెండు దశాబ్దాల తరువాత మరో రూపంలో వచ్చింది. 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయిన ఏడాదే, పుట్టపాక ఉన్న సంస్థాన్ నారాయణపురం మండలంలోనే సర్వేల్‌లో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల తెరిచారు. అది పల్లెలోని చురుకైన పిల్లలను ఏరి చదివించింది. వాళ్లను పై చదువులకూ ఉద్యోగాలకూ పంపింది. పక్కనే ఉన్న మగ్గంతో దానికి పని పడలేదు.

జలాల్‌పూర్ సంస్థకు రామానంద తీర్థ పేరు పెట్టడం కేవలం గురుభక్తి కాదు. 1903లో పుట్టిన ఈయన సన్యాసం పుచ్చుకుని, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపి, నిజాం జైళ్లలో గడిపినవాడు. అంతకంటే ముందు మరాఠ్వాడాలోని హిప్పర్గా జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన నీడలో రాజకీయాల్లోకి వచ్చిన పి.వి. ప్రధానిగా ఉన్న రోజుల్లో ఈ సంస్థ వచ్చింది. పత్రికల్లో కనిపించే ప్రవేశ ప్రకటనలు చూస్తే దాని తీరు తెలుస్తుంది: ఇంటి కరెంటు పని, సౌర పలకల బిగింపు, ద్విచక్ర వాహనాల మరమ్మతు, కంప్యూటర్ హార్డ్‌వేర్, ట్యాలీతో లెక్కలు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వంటి కేంద్ర పథకాల కింద ఈ కోర్సులు నడుస్తాయి. పథకం మారితే కోర్సు మారుతుంది. సమాజం తనంతట తాను నిలబెట్టుకున్న సంస్థ కాదిది అనే విమర్శలో పస ఉంది. కానీ చదువు ఆపేసిన పల్లె పిల్లవాడు పైసా కట్టకుండా నెలల తరబడి ఉండి పని నేర్చుకునే చోటు ఈ మెట్ట ప్రాంతంలో ఎన్ని ఉన్నాయని లెక్కేస్తే, ఆ విమర్శను కొంత తగ్గించి చెప్పాల్సి వస్తుంది.

దీనికంటే లోతైన విమర్శ మరొకటి. నేతకు పేరుపడ్డ మండలంలో కరెంటు పని, సెల్‌ఫోన్ రిపేరు నేర్పితే పిల్లలను మగ్గం మీదినుంచి దింపినట్టే కదా అంటారు. దీనికి జవాబు సిద్ధాంతంలో వెతకనక్కర్లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం కథ ఉంది. చిటికి పనిలో అతి కష్టమైనది ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడాలి. నాలుగైదు గంటల ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పట్టేసిన తల్లి లక్ష్మి బాధ చూసి, బడి మధ్యలో మానేసిన మల్లేశం యంత్రం చేయబూనాడు. ఏళ్ల తరబడి అది ఒక కొలిక్కి రాలేదు. హైదరాబాద్‌లో కరెంటు పని చేసుకుంటూ మోటార్లు, యంత్రాల నడక చూసి నేర్చుకున్నదే చివరికి చిక్కుముడి విప్పింది. 1999లో సిద్ధమైన లక్ష్మీ ఆసు యంత్రం అదే పనిని గంటన్నరకు దించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇందులో సంస్కృతి ఎక్కడ ఆగింది, ఉపాధి నైపుణ్యం ఎక్కడ మొదలైంది? ఆసు తెలియని ఎలక్ట్రీషియన్ ఆ యంత్రం గురించి కలలో కూడా అనుకోడు. కరెంటు పని తెలియని నేతగాడు దాన్ని పూర్తి చేయలేడు. జలాల్‌పూర్ కోర్సుల మీద పెట్టదగిన తప్పు వాటిలో వైరింగ్ ఉండటం కాదు, ఆ వైరింగ్ పాఠానికీ పక్క వీధిలోని మగ్గానికీ మధ్య తలుపు లేకపోవడం. అయితే మల్లేశం ఒక్కడు, మినహాయింపును సూత్రం చేయకూడదు అనేవాళ్లూ ఉంటారు. నిజమే, ఆయన ఎవరి శిక్షణా లేకుండా సాధించాడు. అంటే ఆ రెండు విద్యలు కలిసే ఏర్పాటు లేనందుకు ఏళ్లు పట్టిందనే అర్థం. అలాంటి ఏర్పాటు అక్కర్లేదన్న వాదనకు ఆయన కథ సాక్ష్యం కాలేదు.

తీగ తెగిపోయాక దాన్ని మళ్లీ కలపడం ఎంత కష్టమో పసిఫిక్ సముద్రంలోని హవాయి చూపుతుంది. 1893లో అక్కడి రాజ్యం కూలింది. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాషయింది. నక్షత్రాలు, అలలు చూసి దిక్సూచి లేకుండా ఓడ నడిపే విద్య అప్పటికే మాయమైంది. 1976లో హోకులేఅ అనే జంట పడవను పాత పద్ధతిలో తాహితీకి నడపాలనుకున్నప్పుడు ఆ విద్య తెలిసిన హవాయి మనిషే దొరకలేదు. మైక్రోనేసియాలోని సతవల్ దీవినుంచి మౌ పియాలుగ్‌ను రప్పించుకోవాల్సి వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న నైనోవా థామ్సన్ 1980లో ఆ దారి నడిపాడు. ఆ తరువాత అక్కడి స్వచ్ఛంద సంస్థలు పిల్లలకు పడవ చెక్కడం, చేమ మడులు దున్నడం, చేపల చెరువులు బాగుచేయడం భాషతోపాటే నేర్పుతున్నాయి. సంస్కృతి, చేతిపని అక్కడ ఒకే పాఠం, ఎందుకంటే రెండూ పోయాయి. పోచంపల్లి పరిస్థితి దీనికి తిరగబడి ఉంది. విద్య పోలేదు, దానిమీద బతుకు పోతోంది. అందువల్ల ఇక్కడ నేర్పేవాళ్లు ఇంకా బతికి ఉండగానే శిక్షణ ఏర్పడే వీలుంది.

పాలమూరులో ఆ వీలు అంత తేలిగ్గా లేదు. గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడ నేత ఇంకా ఊళ్ల నిండా ఉన్న పని. పన్నెండు మెట్ల కిన్నెర అనే వాద్యం సంగతి వేరు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందే ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఆయన గురించిన పాఠం చేరింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. వాద్యం వాయించేవాడి పేరు పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది గాని, వాద్యం పిల్లల చేతిలోకి రాలేదు. బిరుదు ఒక మనిషిని గుర్తిస్తుంది. ఆ మనిషి చేతిలోని పని నలుగురికి అందాలంటే కావలసింది ఒక గది, కొంత జీతం, నేర్చుకునేవాళ్లకు తిండి. ఈ మూడింటి ఖర్చు పెద్దదేమీ కాదు.

మిగిలిన అభ్యంతరం అంగడిది. ఎంత నేర్పినా మిల్లు గుడ్డమీద చిటికి బొమ్మలు అచ్చొత్తి నాలుగో వంతు ధరకు అమ్మేవాడి ముందు నేతగాడు నిలవలేడు, కాబట్టి శిక్షణ మీద ఖర్చు వృథా అంటారు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం, 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన భౌగోళిక గుర్తింపు ఈ నకళ్లను ఆపలేకపోయాయన్నది కళ్లెదుటి సత్యం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. దానితో చూడవచ్చేవాళ్లు పెరిగారు. చూడవచ్చినవాళ్లందరూ కొంటారన్న భరోసా లేదు. కానీ అంగడిలో నకలును ఓడించింది ఎప్పుడూ చట్టం కాదు, నకలు చేయలేని కొత్త పని. పట్టు వచ్చినప్పుడు జరిగింది అదే. కొత్త బొమ్మ గీయడం, దాన్ని కంప్యూటర్ మీద గళ్లకు దించడం, రంగు నిలిచే లెక్క, దళారి లేకుండా అమ్ముకునే నేర్పు ఇంట్లో రావు. మగ్గం తెలిసిన పిల్లలకు వాటిని నేర్పడానికి సంస్థ కావాలి. అలాగని నేర్పు ఒక్కటే కూలి పెంచుతుందని అనడం అమాయకత్వం. నూలు ధర, సహకార సంఘాల బకాయిలు, మాస్టర్ వీవరు చేతిలోని పెట్టుబడి శిక్షణకు లొంగవు.

చేనేత టెక్నాలజీలో డిప్లొమా చదవాలనుకున్న తెలంగాణ పిల్లలు చాలాకాలం వెంకటగిరికో, ఒడిశాలోని బర్గఢ్‌కో పోయేవారు. 2024 సెప్టెంబరులో చేనేత సహకారోద్యమ నాయకుడు కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. మూడేళ్ల డిప్లొమా అది. పదో తరగతి మార్కులు అడుగుతుంది. మగ్గం మీద పుట్టి పదికి ముందే బడి మానిన పిల్లవాడికి అందులో చోటు లేదు. పల్లె యువత కోసం కట్టిన వసతి గృహం జలాల్‌పూర్‌లో ఉంది. అది మగ్గాలున్న ఊళ్ల నడుమే ఉంది.